స్టేజీ వెనక పని గురించి మేనకోడలికి

బిడ్డా,

నువ్వు పంపిన ప్లాన్ చూశాను. నాలుగు పేజీలుంటే అందులో మూడు పేజీలు స్టేజీ డెకరేషనే. పూల ఆర్చి ఉంది, ఎల్‌ఈడీ వాల్ ఉంది, సెల్ఫీ పాయింట్ ఉంది. జనరేటర్ ఎక్కడ పెడతారో లేదు. ఎనిమిది వందల మంది ఎక్కడ చేతులు కడుక్కుంటారో లేదు. స్కూలు స్వర్ణోత్సవం పెద్ద పని, మొదటిసారి పూర్తిగా నీ చేతికి అప్పజెప్పారు, ఉత్సాహం ఉంటుంది. కాదనను. కానీ ఇన్నేళ్లు హనుమకొండ, కాజీపేట, పరకాల, జనగామ అని తిరిగి టెంట్లు, లైట్లు, మైకులు పెట్టినవాడిగా చెబుతున్నా. వచ్చినవాళ్లు డెకరేషన్‌ను పది నిమిషాలు చూస్తారు. మిగతా నాలుగు గంటలూ మాట వినపడుతుందా, కూర్చోవడానికి కుర్చీ ఉందా, అన్నం టైముకు దొరుకుతుందా, బండి బయటికి వస్తుందా, వాళ్ల ధ్యాసంతా దాని మీదే.

మొదట తేదీ. ఫిబ్రవరి రెండో శనివారం అని రాశావు. సెలవు చూసి పెట్టారని తెలుస్తూనే ఉంది. పంచాంగం కూడా చూడు, ముహూర్తం లేని రోజు ఏదో వెతుక్కోవడానికి. మాఘమాసంలో మంచి లగ్గం ఉన్న రోజున హంటర్ రోడ్డు మీద ఫంక్షన్ హాళ్లన్నీ నిండిపోతాయి. అంటే టెంట్ హౌస్ వాళ్లు, వంటవాళ్లు, ఫొటోగ్రాఫర్లు, వడ్డించే పిల్లలు అందరూ అటే పోతారు. నీకు మిగిలిన సామాను, మిగిలిన మనుషులు వస్తారు. రేటు మాత్రం సీజన్ రేటే.

దాంతోపాటు మేడారం జాతర చూసుకో. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి దగ్గర వస్తుంది. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు జరిగింది, 2026లో జనవరి 28 నుంచి 31 వరకు. ఆ రోజులకు ముందూ వెనకా బస్సులు, పోలీసులు, వాటర్ ట్యాంకర్లు, జనరేటర్లు సగం ములుగు దారి పట్టి ఉంటాయి. ఆర్టీసీ బస్సు అద్దెకు అడిగితే నవ్వి పంపిస్తారు. జాతర ఉన్న ఏడాదైతే ఆ పక్షం రోజులు వదిలెయ్యి. అట్లాగని మార్చి చివరికో ఏప్రిల్‌కో జరపకు. మన దగ్గర ఆ నెలల్లో పొద్దంతా ఎండ కాసి సాయంత్రం ఉన్నట్టుండి గాలివాన, వడగండ్లు పడతాయి. షామియానా గాలికి లేస్తే దాన్ని పట్టుకోవడం ఎవరి వల్లా కాదు.

పర్మిషన్ల గురించి రెండు ముక్కలే. మైకుకు పోలీసు అనుమతి ముందుగా తీసుకుని, కాగితం కాపీ సౌండ్‌వాడి జేబులో కూడా పెట్టు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్ వాడొద్దని 2000 సంవత్సరం నుంచీ రూల్ ఉంది. పైగా నీ ఫంక్షన్ పరీక్షల ముందు వస్తోంది, చుట్టుపక్కల ఇండ్లలో చదువుకునే పిల్లలుంటారు. తొమ్మిదిన్నరకు మైకు బంద్ అయ్యేటట్టు ప్లాన్ రాసుకో.

ఇక కరెంటు. దీని గురించి ఎక్కువ రాస్తాను, విసుగొచ్చినా చదువు.

స్కూలు మీటరును నమ్ముకోకు. అది ఫ్యాన్లకూ ట్యూబ్‌లైట్లకూ వేసిన లైను. 62.5 కేవీఏ జనరేటర్ మాట్లాడు. ఆ అంకె చూసి 62 కిలోవాట్లు ఇస్తుందనుకోకు. కేవీఏ వేరు, వాడుకునే కిలోవాట్లు వేరు. 0.8తో గుణిస్తే 50 కిలోవాట్లు, అందులోనూ 40 దాటనివ్వకు. లైట్లవాళ్లను, సౌండ్‌వాళ్లను, ఎల్‌ఈడీ వాల్ వాళ్లను, వంటవాళ్లను విడివిడిగా అడిగి, ఎవరికి ఎంత లోడు కావాలో కాగితం మీద కూడుకో. అందరూ "ఏం కాదు మేడం, సరిపోతది" అంటారు. నువ్వు కూడిక చూసే ఒప్పుకో. లోడు మూడు ఫేజులకూ, అంటే జనరేటర్ నుంచి వచ్చే మూడు కరెంటు వైర్లకూ, సమానంగా పంచమను. సౌండుకు ఒక ఫేజు విడిగా ఇప్పించు. లైట్ల వెలుగు పెంచి తగ్గించే డిమ్మర్లు ఉన్న ఫేజు మీదే మైకు పెడితే కార్యక్రమం అయ్యేదాకా స్పీకర్లో గుయ్‌మని మోత వస్తూనే ఉంటుంది. కేబుల్ చుట్టకు చుట్టగా ఉంచి వాడితే వేడెక్కి కరిగిపోతుంది, మొత్తం విప్పించు. జనం నడిచే దారిలో కేబుల్ అడ్డం వస్తే పైన మ్యాటు కప్పి రెండు వైపులా టేపు వేయించు.

నేను అన్నిటికంటే ఎక్కువ భయపడేది న్యూట్రల్ వైరుకు, అంటే మూడు ఫేజుల కరెంటూ తిరిగి వెళ్లే వైరుకు. త్రీ ఫేజు లైన్లో న్యూట్రల్ ఊడిందంటే 230 వోల్టులు రావాల్సిన చోట 400 దాకా ఎక్కవచ్చు. ఒక పెండ్లిలో చూశాను, హాలు పేరు ఎందుకులే. బరాత్ గేటు దాకా వచ్చింది, డప్పులు మోగుతున్నాయి. ఉన్నట్టుండి ఆర్చి లైట్లు ఎప్పుడూ లేనంత తెల్లగా వెలిగాయి. జనం బాగుందని చప్పట్లు కొట్టారు. మా ఎలక్ట్రీషియన్ అప్పుడే బగారా అన్నంలో చెయ్యి పెట్టాడు. ప్లేటు అక్కడే పడేసి, ఎంగిలి చెయ్యి ప్యాంటుకు తుడుచుకుంటూ మెయిన్ వైపు ఉరికాడు. అతను హ్యాండిల్ కిందికి లాగేసరికే రెండు ఆంప్లిఫయర్లు మాడిన వాసన వస్తోంది. ఇంకొక్క నిమిషం ఆలస్యమైతే హాలు ఏసీలు కూడా పోయేవి. లైట్లు కారణం లేకుండా ఎక్కువ వెలిగితే మెచ్చుకుంటూ నిలబడకు, మెయిన్ ఆపించు. జనరేటర్ దగ్గర, మెయిన్ బోర్డు దగ్గర ఎవరెవరుంటారో పేరుతో సహా రాసుకో. వాళ్లు అక్కడి నుంచి కదలొద్దు.

కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపల, మైకులన్నిటి సౌండూ కలిపే డిజిటల్ మిక్సర్ ఆరిపోతుంది. మళ్లీ లేవడానికి అది తన టైము తను తీసుకుంటుంది. అందుకని మిక్సర్‌కూ ల్యాప్‌టాప్‌కూ చిన్న యూపీఎస్ పెట్టించు. నన్నడిగితే సాయంత్రం ఐదు నుంచి అంతా జనరేటర్ మీదే నడిపి, స్కూలు లైనును తోడుగా ఉంచుకోవడమే మేలు. జనరేటర్‌ను స్టేజీ వెనక పెట్టనివ్వకు. డ్యాన్సు పిల్లలు ముస్తాబయ్యే గది అక్కడే ఉంది, పొగంతా వాళ్లకు కొడుతుంది. గ్రౌండ్ మూలకు జరిపించు. కేబుల్ ఖర్చు కొంచెం పెరుగుతుంది, పెరగనీ.

డెకరేషన్ గురించి ఒకటే మాట. స్టేజీ వెనక స్కూలు పేరు థర్మాకోల్ అక్షరాలతో పెడతామని డెకరేషన్‌వాళ్లు అంటే వద్దను. అలంకరణకు థర్మాకోల్ వాడకం 2022 జూలై 1 నుంచి నిషేధం. అదీగాక వేడి లైటు పక్కన అంటుకుంటే ఆర్పడం కష్టం. ఫ్లెక్సీలో పేర్లు ప్రింటుకు పోయేముందు హెడ్మాస్టర్‌తో ప్రతి పేజీ మీద సంతకం పెట్టించు. ఎవరి పేరు ముందు, ఎవరిది తర్వాత అనేది నువ్వు తేల్చే పంచాయితీ కాదు.

"మినిట్ టు మినిట్", అంటే ఏ టైముకు ఏ కార్యక్రమమో రాసేటప్పుడు రెండు కాగితాలు రాసుకో. ఒకటి అతిథులకు ఇచ్చేది, ఇంకొకటి నీది. కార్డులో ఐదు గంటలంటే జనం ఆరున్నరకు కుదురుకుంటారు, ముఖ్య అతిథి ఎప్పుడొస్తారో ఆయన పీఏకు కూడా తెలియదు. ఆ మధ్య టైములో ఏం జరగాలో నీ కాగితంలో ఉండాలి. పాత విద్యార్థుల పరిచయాలు, చిన్నపిల్లల కోలాటం, పాటలు అందులో పెట్టెయ్యి. చిన్నపిల్లల ప్రోగ్రాం ఉపన్యాసాల తర్వాత పెట్టడం నాకు అస్సలు నచ్చదు. మూడింటికే మేకప్ వేసి, చీరలు కట్టి, నగలు పెట్టి కూర్చోబెడతారు. పాపం నీళ్లు తాగితే లిప్‌స్టిక్ పోతుందని తాగనివ్వరు. తొమ్మిదింటికి స్టేజీ ఎక్కేసరికి సగం మంది నిద్రలో ఉంటారు, మిగతావాళ్లు ఏడుపులో ఉంటారు.

జ్యోతి ప్రజ్వలన చిన్న పని అనుకుంటారు. అతిథులు ఐదుగురు కుందె చుట్టూ నిలబడి, కెమెరాలన్నీ అటు తిప్పాక వత్తి అంటుకోదు. అగ్గిపుల్ల మీద అగ్గిపుల్ల గీస్తుంటారు, వ్యాఖ్యాత చెప్పిన శ్లోకమే మళ్లీ చెబుతుంటాడు. వత్తులు గంట ముందే నూనెలో నానబెట్టి, కొసలు ఒకసారి వెలిగించి ఆర్పి, మీద చిన్న కర్పూరం బిళ్ల పెట్టించు. స్టేజీ మీది పెడస్టల్ ఫ్యాన్లు ఆ రెండు నిమిషాలు ఆపించు. కొవ్వొత్తి పట్టుకుని ఒకరు, అగ్గిపెట్టె పట్టుకుని ఇంకొకరు పక్కనే ఉండాలి. వెలిగించేవాళ్లలో ఎవరికైనా చీర కొంగు, దుపట్టా జారుతుంటే వెనక నుంచి ఒక అమ్మాయి పట్టుకోవాలి. పాటలు ఫోన్‌లోంచి వేయనివ్వకు. రాష్ట్ర గీతం నడుస్తుండగా ఎవరో ఫోన్ చేస్తే ఆ రింగ్‌టోన్ ఎనిమిది వందల మంది వింటారు. ల్యాప్‌టాప్‌లో నెట్ ఆపి పెట్టుకో. రాష్ట్ర గీతంలో చిన్నదీ ఉంది, చాలా పెద్దదీ ఉంది. ఏది వేయాలో ముందే తేల్చుకుని ఆ ఒక్క ఫైలే ఫోల్డర్లో ఉంచు.

శాలువాలు జాబితాకంటే పది ఎక్కువ తెప్పించు. స్టేజీ మీద నుంచి ఎవరో ఒకరు "మన ఫలానా సారును కూడా పిలవండి" అనక మానరు. కుర్చీలకూ అదే లెక్క. ఉపన్యాసం ఆగకపోతే మైకు కట్ చేయించకు, పెద్దవాళ్లను అవమానించినట్టవుతుంది. చిట్టీ పంపు. "రెండు నిమిషాలు" అని రాస్తే దాన్ని గట్టిగా చదివి మరీ ఇంకో ఇరవై నిమిషాలు మాట్లాడేవాళ్లున్నారు. అందుకని "భోజనాలు రెడీ అయ్యాయి" అని రాయి. పని చేస్తుంది.

భోజనాల దగ్గర లెక్క తప్పితే మిగతాదంతా మరిచిపోయి అదే చెప్పుకుంటారు. సరుకు లెక్క వంటమేస్త్రీకి నీకంటే బాగా తెలుసు. కిలో మటన్ ఐదారుగురికి అంటాడు, ఒప్పుకో. నువ్వు చూడాల్సింది వరుసలు. బఫేలో ఒక్కో మనిషికి అరనిమిషం అనుకో, ఒక వరుసలో గంటకు 120 మంది తీసుకుంటారు. నీ ప్లాన్‌లో రెండు కౌంటర్లు రాశావు. 800 మంది అయ్యేసరికి మూడు గంటలు దాటుతుంది. నాలుగు కౌంటర్లు పెట్టి రెండు వైపులా వడ్డిస్తే ఎనిమిది వరుసలు, గంట లోపల అయిపోతుంది. మటన్ గంజు కౌంటర్ చివర ఉండాలి, మొదట్లో ఉంటే అందరూ అక్కడే ఆగుతారు. శాకాహారం కౌంటర్ మూలకు నెట్టకుండా, మటన్‌కు దూరంగా, కనపడేటట్టు విడిగా పెట్టించు. ముసలివాళ్లకు, పాత టీచర్లకు నలభై, యాభై కుర్చీలు బల్లలతో వేసి, వాళ్ల దగ్గరికే తెచ్చి వడ్డించాలి. తాగేనీళ్లు మనిషికి లీటరు చొప్పున 20 లీటర్ల క్యాన్లు నలభై అవుతాయి. నీళ్లు అన్నం కౌంటర్ పక్కన పెడితే తోపులాట, కొంచెం ఎడంగా పెట్టు. చెయ్యి కడిగే చోట నీళ్లు ఎటు పోతాయో ముందురోజు బకెట్ నీళ్లు పోసి చూడు. గ్రౌండ్ వాలు స్టేజీ వైపు ఉంటే బురదంతా ముందు వరుస కుర్చీల కిందికి వస్తుంది. అన్నం మిగిలేటట్టు ఉంటే తొమ్మిదిన్నరకే తెలిసిపోతుంది. అనాథాశ్రమానికి అప్పుడే ఫోన్ చెయ్యి, అర్ధరాత్రి పంపితే అక్కడి పిల్లలు నిద్రపోయి ఉంటారు.

నా మాట ఒక్కటే వింటానంటే ఇది విను. పనిచేసేవాళ్లకు ముందు అన్నం పెట్టు. లైట్లు, సౌండు, జనరేటర్ ఆపరేటర్, గేటు దగ్గర వాచ్‌మెన్, డ్రైవర్లు, కెమెరామెన్, ఊడ్చే అమ్మలు అందరినీ కలిపి లెక్క రాస్తే అరవై మందికి తక్కువ ఉండరు. మామూలుగా వీళ్ల పేర్లు ఏ జాబితాలోనూ ఉండవు. రాత్రి పదకొండుకు అందరూ తిన్నాక గంజు అడుగు గోకి పెడతారు. సాయంత్రం ఐదున్నరకు, జనం రాకముందే, వీళ్లకు విడిగా వండించి కూర్చోబెట్టి పెట్టించు. సగం సగం మంది మార్చి మార్చి తినాలి, మెయిన్ దగ్గర, మైకు దగ్గర ఖాళీ ఉండకూడదు. కడుపు నిండినవాడు నువ్వు పిలిస్తే పలుకుతాడు, వైరు ఊడితే తనే చూస్తాడు. ఆకలితో ఉన్నవాడు సిగరెట్ వంక పెట్టుకుని గేటు బయటికి పోతాడు, సరిగ్గా అప్పుడే మైకు కీచుమంటుంది. కూలీల డబ్బులు కూడా ఆ రాత్రే చేతిలో పెట్టు. "రేపు ఆఫీసుకు రండి" అనేవాళ్ల దగ్గర నేను పనిచేశాను. మళ్లీ వాళ్లు పిలిస్తే మా పిల్లలెవరూ పోలేదు.

దారి సంగతి చెప్పలేదు కదా. రెండు గేట్లున్నాయి కాబట్టి ఒకటి జనానికి వదిలి, రెండోది సామాను బండ్లకూ 108 అంబులెన్సుకూ ఉంచు. ఆ రెండో గేటుకు అడ్డంగా వీఐపీ కారు పెట్టనివ్వకు, పెద్దవాళ్ల డ్రైవర్లతో మర్యాదగానే మాట్లాడు కానీ పెట్టనివ్వకు. స్కూలు హాలు తలుపులకు అడ్డంగా డెకరేషన్ గుడ్డలు కడతారు, విప్పించు. ఆడవాళ్ల టాయిలెట్లు చూసి రా. స్కూల్లో ఉన్నవి పిల్లల కొలతవి, వాటిలో ఎన్నింటికి గడియలు పనిచేస్తాయో లోపలికి పోయి వేసి చూడు. బయట ఒక లైటు పెట్టించు.

తెల్లారి సామాను అప్పజెప్పేటప్పుడు మీ తరఫున ఒక మనిషి నిలబడి లెక్కపెట్టాలి. లేకపోతే పోని చెంచాలకూ విరగని కుర్చీలకూ కూడా బిల్లులో డబ్బులు పడతాయి.

గ్రౌండ్ ఫొటోలు నాలుగు మూలల నుంచి తీసి పంపు. కరెంటు స్తంభం ఎక్కడుందో, చెట్లు ఎక్కడున్నాయో కనపడాలి. ఆదివారం పొద్దున కాజీపేట నుంచి వస్తాను. వంద అడుగుల టేపు నా దగ్గరుంది, నువ్వు సుద్దపొడి తెప్పించి ఉంచు. స్టేజీ, జనరేటర్, వంట, కౌంటర్లు నేల మీద గీసి చూసుకుందాం. వాచ్‌మెన్‌తో ముందే చెప్పు, రెండో గేటు తాళంచెవి తెచ్చి పెట్టమని.

మీ మామ