పుంజుకి 1,500 ఏటి, అమ్మలూ?

విజయనగరం
ఆదివారం

అమ్మలూ,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసింది. అరసవల్లి రోడ్డులో గది అద్దెకి తీసుకున్నావని, డీప్ ఫ్రీజర్‌కి అడ్వాన్సు కట్టేశావని, బోర్డు కూడా రాయిస్తున్నావని చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది. చచ్చిన జీవాల తోలు తీసి, లోపల కూరి, బతికున్నట్టు నిలబెట్టే ట్యాక్సిడెర్మీ పని చేసే పిల్లకి సంబంధం ఎవరు తెస్తారని దాని బాధ. దాన్ని ఓదార్చి ఫోన్ పెట్టేశాను. ఆ మాట మీ అత్తతో చెబుతుంటే నా గొంతు పూడుకుపోయింది. ముప్పై ఏళ్లు కాలేజీ మ్యూజియంలో నేను చేసిన పని నాతోనే పోతుందనుకున్నాను. ఆరేళ్ల గుంటవి, వేసవి సెలవులకి వచ్చి నా బల్ల పక్కన పీట వేసుకుని గాజుకళ్లు సైజులవారీగా అగ్గిపెట్టెల్లో సర్దేదానివి. ఆ పని నువ్వు ఎత్తుకున్నావు.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. మీ అమ్మ ఇంకో మాట కూడా అంది. "మొదటి బేరం వచ్చీసింది అన్నియ్యా. ఎవరిదో పెంపుడు పుంజు చచ్చిందట, మన పిల్ల 1,500కి ఒప్పుకుంది." ఆ తరవాత నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "అలగే మావయ్యా" అనేసి నీ దారిన నువ్వు పోతావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

పని సంగతి నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. బేగి ఫ్రీజర్లో పెట్టు. తోలు తియ్యకముందే కొలతలు రాసుకో. పక్షికి వెలిగారం (బోరాక్స్), జంతువుకి మెత్తటి ఉప్పు, తరవాత పటిక. ఎండేదాకా కదపకు. పొట్ట పచ్చబడినది, ఈక లాగితే ఊడివచ్చేది ఎంత బతిమాలినా తీసుకోకు. ఇవన్నీ నీ చేతికి వచ్చినవే. నీకు రానిది ఒక్కటే, ఎదుటి మనిషి మొహం చూసి రేటు చెప్పకుండా ఉండడం. అది మీ అమ్మ పోలిక. సంతలో వంకాయలమ్మే ముసలమ్మ దగ్గర కూడా బేరమాడలేదది.

పుంజు లెక్క చూడు. నలగకుండా తోలు తియ్యడానికి 3 గంటలు. కొవ్వు గీకి, కడిగి, ఈకలు మళ్లీ పొంగేలా ఆరబెట్టడానికి 4. చెక్క తరుగు, దారం, తీగలతో లోపలి ఒడలు కట్టడానికి 3. నిలబెట్టి, రెక్కలు కుదిర్చి, ఈక ఈక సర్దడానికి 4. ఎండేకొద్దీ తురాయి ముడుచుకుపోతుంది కదా, దాన్ని మళ్లీ దిద్ది రంగు వెయ్యడానికి 2. మొత్తం 16 గంటలు. అంటే రెండు రోజుల కూలి. మొన్న మా డాబా కారుతుంటే వచ్చిన మేస్త్రీకి రోజుకి 1,000 ఇచ్చాను. నీ చెయ్యి అతని చేతికంటె తక్కువదేమీ కాదు, 2,000 వేసుకో. కళ్లు, తీగ, వెలిగారం, కింద చెక్క, రంగులు 600. గది అద్దెలోనూ కరెంటు బిల్లులోనూ ఈ పుంజు వాటా 400. పది పక్షుల్లో ఒకటి నీ తప్పు లేకపోయినా పాడవుతుంది, ఆ నష్టానికి 300. తిరిగొస్తే బాగుచెయ్యడానికి 200. మొత్తం 3,500. నువ్వు చెప్పింది 1,500. మిగతా 2,000 ఎవరు పెట్టుకుంటారు? నువ్వే పెట్టుకుంటానంటావు. కాదమ్మా. అది పెట్టుకునేది ఆ పుంజు. ఎలగో చెబుతాను విను.

1987లో ఒక స్కూలువాళ్లు సైన్సు గదికి 26 నమూనాలు కావాలన్నారు. కోళ్లు, బాతులు, గినీకోళ్లు, టర్కీ, కుందేళ్లు, ఒక మేక తల. అప్పటికి నా ఉద్యోగం పర్మనెంటు కాలేదు. మీ అత్తకి ఏడో నెల. విశాఖపట్నం నుంచి ఒకాయన ఒక్కోదానికి 110 రూపాయలు చెప్పాడని తెలిసింది. పని చెయ్యి జారిపోతుందన్న ఒక్క భయంతో 55కి ఒప్పుకున్నాను. ఎందుకు 55 అంటే నా దగ్గర జవాబు లేదు. 110లో సగం, అంతే. గంటలు లెక్క కట్టలేదు, సామాను రాసుకోలేదు. ఆ ప్రిన్సిపాలు గారు మంచి మనిషి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి కాఫీ ఇప్పించారు. కాఫీ ఇచ్చిన మనిషిని ఎక్కువ అడగడానికి నాకు నోరు రాలేదు.

ఇంటికొచ్చాక మీ అత్త పలకా బలపం పట్టుకుంది. 26కి 1,430 రూపాయలు. సామానుకి, పక్షులు కొనడానికి 780 పోతే మిగిలేది 650. సరిగ్గా చేస్తే 36 రోజుల పని. రోజుకి 18 రూపాయలు. అదే నెలలో మా పెరటిగోడ కట్టినవాడికి మేం రోజుకి 35 ఇచ్చాం. "ఇప్పుడైనా వెళ్లి చెప్పండి, తప్పు లెక్క చెప్పానని" అంది. నేను వెళ్లలేదు. మాట ఇచ్చేశాను కదా అనుకున్నాను. నిజానికి సిగ్గు.

ఇక్కడే వినాలి నువ్వు. నేను ఆ పిల్లల్ని మోసం చేద్దామని కూర్చోలేదు. కాని రోజుకి 18 రూపాయలు పడే పనికి 36 రోజులు కూర్చుంటే ఇల్లు గడవదు. అందుకని చెయ్యి తనంతట తనే తొందరపడింది. బాతుకి చర్మం కిందంతా కొవ్వే, రెండుసార్లు గీకి పెట్రోలుతో కడగాలి. ఒక్కసారి గీకి వదిలేశాను. వెలిగారం చాలకపోతే పల్చగా జల్లాను. చెక్క తరుగు బదులు పాత పరుపుల దూది కుక్కాను. కార్తీకంలో గాలిలో చెమ్మ పోలేదు, మూడు వారాలు ఆరాల్సినవాటిని ఎనిమిది రోజులకే చెక్కల మీదకి ఎక్కించేశాను. ప్రతిసారీ "ఈ ధరకి ఇది చాలు" అని మనసులో ఒక మాట. ఆ మాట నీ నోట రానివ్వకు. అది నోట్లోకొస్తే చేతిలోకి కూడా వచ్చేస్తుంది.

20 రోజుల్లో ఇచ్చేశాను. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు మెచ్చుకున్నారట. మరుసటేడు వానాకాలం వచ్చింది. బాతుల రొమ్ము మీద నూనె ఊరి ఈకలు పసుపురంగుకి తిరిగాయి. దూది కుంగి కోళ్ల మెడలు వాలిపోయాయి. కుందేళ్ల బొచ్చు కింద తోలు పురుగు చేరి తెల్ల చెక్కల మీద పొడి రాలింది. పిల్లలు ఆ గదిలోకి రామన్నారట, వాసనకి. ఒక మధ్యాహ్నం వాళ్ల అటెండరు ఆ 26 బొమ్మల్నీ గోనెసంచుల్లో వేసి రిక్షాలో పెట్టుకుని మూడు లాంతర్ల మీదుగా మా ఇంటికి తెచ్చాడు. సంచి మూతిలోంచి టర్కీ కాలు బయటికి వేలాడుతోంది. వీధి వీధంతా చూసింది. మీ అత్త చంటిదాన్ని ఎత్తుకుని గుమ్మంలో నిలబడింది, ఒక్క మాట అనలేదు.

నేను స్కూలుకి వెళ్లి తల వంచుకుని నిలబడ్డాను. ప్రిన్సిపాలు గారు కోప్పడలేదు. "110 అడిగినాయనకి ఇచ్చి ఉంటే పిల్లలకి బొమ్మలుండేవి కదండీ" అన్నారు. అమ్మలూ, అంతకుముందు గాని తరవాత గాని నన్ను ఎవరూ అంత మాట అనలేదు. తక్కువ తీసుకుని మేలు చేశానని ఏడాదిపాటు తిరిగాను నేను. ఆ 1,430 రూపాయలు వాళ్లకి పూర్తిగా దండగయ్యాయి.

మీ అత్త మెళ్లో బంగారు నాను తాకట్టు పెట్టి 26లో 19 మళ్లీ కొత్తగా చేసి ఉచితంగా ఇచ్చాను. మిగిలిన ఏడూ దేనికీ పనికిరాలేదు. నాను విడిపించడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ పెళ్లిళ్లకి మీ అత్త పసుపుతాడుతోనే వెళ్లింది.

ఆ తరవాత నేను పెట్టుకున్న పద్ధతి నువ్వూ పెట్టుకో. రేటు బోర్డు మీద ఉండాలి, నీ నోట్లో కాదు. సగం ముందు తీసుకో. ఎన్ని వారాలు పడుతుందో చీటీ మీద రాసి ఇవ్వు, వానాకాలమైతే ఇంకో రెండు వారాలు కలుపు. ఒక వానాకాలం గడిచేలోపు ఈక రాలినా పురుగు పట్టినా ఊరికే బాగుచేస్తానని అదే చీటీలో రాయి. ఈ మాట రాయగలిగినప్పుడే నీ ధర సరైన ధర అని తెలుసుకో. సైజుని బట్టి మాత్రం రేటు చెప్పకు. లవ్‌బర్డ్ గుప్పెట్లో పడుతుంది, దాని తోలు తడిసిన కాగితంలా చిరుగుతుంది, పుంజుకి పట్టినంత సేపూ పడుతుంది. కళింగపట్నం వైపు హోటలువాళ్లు పండుగప్ప తెచ్చి గోడకి పెట్టాలంటారు. చేపకి తోలు తియ్యడం తేలికే, ఎండాక రంగంతా పోతుంది. పొలుసు పొలుసుకీ రంగు వేసుకుంటూ పోవాలి. అసలు కూలి అక్కడ.

కుక్కల్ని ఇప్పుడే ఒప్పుకోకు, రెండేళ్లు పోనీ. పుంజు మొహం ఎవరికీ అంత గుర్తుండదు, కుక్క మొహం ఇంటిల్లిపాదికీ తెలుసు. ఒప్పుకునే రోజు వచ్చినప్పుడు మాత్రం ఇది గుర్తు పెట్టుకో. ఏడుస్తూ వచ్చినవాడు ఎంత అడిగినా ఇస్తాడు. పాలకొండ నుంచి ఒకాయన తన కుక్కని దుప్పటిలో చుట్టి తెచ్చాడొకసారి. బోర్డు మీదున్న ధర చదవకుండానే జేబులోదంతా బల్ల మీద పెట్టేశాడు. మీ అత్త లెక్కపెట్టి ఎక్కువున్నది ఆయన జేబులో తిరిగి పెట్టింది. అరగంట కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, నిజంగా కావాలా, మీ చేలో పాతిపెట్టుకుంటే చాలదా అని అడిగింది. ఆయన పాతిపెట్టుకోడానికే వెళ్లిపోయాడు. నువ్వూ అడుగు అలగ.

ఇక నాకు అన్నిటికంటె భయమున్నది. నీకు బోర్డు ధరకి పదింతలు ఇస్తానని ఎవరో ఒకరు వస్తారు. చేతిలో నెమలి ఉంటుంది, లేదా ఉద్దానం తోటల్లో చచ్చిన ఎలుగుబంటి తోలు, లేదా ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఆలివ్ రిడ్లే తాబేలు డిప్ప. తేలినీలాపురంలో చెట్టు కింద పడి చచ్చిన గూడబాతు పిల్ల. ఇంట్లో పెంచుకున్న రామచిలక అయినా సరే. "చంపలేదమ్మా, అదే చచ్చింది" అంటారు. చచ్చినా అది ప్రభుత్వ ఆస్తే. చేతికి చిక్కితే 48 గంటల్లోపు అధికారులకి చెప్పాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అది. నెమలి, ఎలుగు, తాబేలు లాంటి, ఆ చట్టం మొదటి షెడ్యూలు జాబితాలో ఉన్న జీవాలైతే మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు. వన్యప్రాణుల ట్యాక్సిడెర్మీ వ్యాపారానికి 44వ సెక్షన్ కింద లైసెన్సు ఉండాలి. నీవి కోళ్లూ చేపలే అయినా బోర్డు ఎత్తకముందే అటవీశాఖ ఆఫీసుకెళ్లి, ఏం చెయ్యొచ్చో ఏం చెయ్యకూడదో కాగితం మీద రాయించుకుని గోడకి పెట్టు. తెచ్చిన ప్రతి జీవం ఎక్కడిదో, ఎవరిదో పుస్తకంలో రాసి సంతకం పెట్టించు. మైసూరులో వాన్ ఇంజెన్ వారి కార్ఖానాలో రాజుల పులులూ చిరుతలూ వేలకొద్దీ తయారయ్యేవి. అది కూడా 90ల చివర మూతపడింది. ఆ కాలం అయిపోయింది, ఆ డబ్బు మీద ఆశ పెట్టుకోకు.

పాత బంగళాలవాళ్లు తాతలనాటి పులితల బాగుచెయ్యమని తెస్తారు. అటవీశాఖ ఇచ్చిన ఓనర్‌షిప్ సర్టిఫికెట్ లేకపోతే గడప దాటనివ్వకు. సర్టిఫికెట్ ఉన్నా ఒట్టి చేతులతో ముట్టుకోకు. పూర్వం తోళ్లకి ఆర్సెనిక్ కలిపిన సబ్బు పట్టించేవారు, ఆ విషం వందేళ్లయినా బొచ్చులోనే ఉంటుంది. మద్రాసులో పని నేర్చుకుని వచ్చిన మా గురువుగారి అరచేతులు నాకిప్పటికీ కళ్లముందే ఉన్నాయి, నల్లటి మచ్చలతో బెరడులా ఉండేవి. అన్నం ముద్ద కలుపుకోలేక చెంచాతో తినేవారు. గ్లౌజులకీ మాస్కుకీ అయ్యేది ప్రతి బిల్లులోనూ కలుపు. అది అడగడానికి మొహమాటపడ్డావని తెలిస్తే నేనే వచ్చి నీ గదికి తాళం వేస్తాను. నిజంగానే చెబుతున్నాను.

మరి ఆ పుంజు. 1,500కి మాట ఇచ్చావు కాబట్టి 1,500కే చెయ్యి. కాని 16 గంటలూ పెట్టు, నిమిషం తగ్గించకు. బిల్లు మీద 3,500 అని రాసి, కింద "మొదటి బేరం తగ్గింపు 2,000" అని రాయి. ఆ కాగితం చూసినవాడు వాళ్ల చుట్టాన్ని పంపినా 1,500 అనుకుని రాడు, నువ్వూ మళ్లీ 1,500 అనలేవు.

ఈ ఉత్తరంతో మీ బావ చేతికి ఒక సంచి ఇచ్చి పంపుతున్నాను. అందులో మీ అత్త రాసిన 1987 నాటి లెక్కల పుస్తకం ఉంది. 26 బొమ్మల పేజీ దగ్గర పసుపు దారం కట్టింది, ముందు అది చూడు. అగ్గిపెట్టెలు కూడా పెట్టాను. మూతల మీద నంబర్లు నీ చిన్నప్పటి రాతే, తొమ్మిది తిరగబడి ఉంటుంది. పుంజుకి సరిపోయే కళ్లు నాలుగు జతలున్నాయి. ఫ్రీజర్ వచ్చే రోజు ఫోన్ చెయ్యి, పొద్దున్న రైలుకి బయల్దేరి వస్తాను.

మీ మావయ్య