అమ్మానాన్నలతో కరీబియన్‌లో తెరచాప పడవ మీద క్రిస్మస్ చేసుకోవచ్చా?

మిర్యాలగూడ నుంచి అమ్మానాన్నలను తీసుకుని సెయింట్ విన్సెంట్‌లో మెడిసిన్ చదువుతున్న అన్న దగ్గరికి వెళ్లి, క్రిస్మస్ వారమంతా పడవ మీదే ఉండొచ్చా అని అడిగారు. ఉండొచ్చు. మాది దేవరకొండ. నేనూ ఆ దీవుల్లోనే చదివాను, ఒక క్రిస్మస్ మా క్లాస్‌మేట్ మేనమామ పడవ మీద చేసుకున్నాను. నేను చెప్పేది ముఖ్యంగా ఒకటే: 23 సాయంత్రానికల్లా మంచి చోటు చూసి లంగరు వేసేయండి, 26 దాటేదాకా కదలకండి.

గాలి వల్లే ఈ మాట చెప్తున్నా. తుఫాన్ల కాలం నవంబర్ చివరికి అయిపోతుంది కాబట్టి ఆ భయం లేదు. కానీ అక్కడివాళ్లు 'క్రిస్మస్ విండ్స్' అనే తూర్పు గాలులు సరిగ్గా పండగ రోజుల్లోనే ఊపందుకుంటాయి. అట్లాంటిక్ మీద అధిక పీడనం బలపడితే, ఏడాదంతా వీచే గాలే 25 నాట్లకు, అంటే గంటకు 45 కిలోమీటర్ల పైకి పోతుంది. ఒకసారి పట్టుకుందంటే రోజుల తరబడి వదలదు. దీవి చాటున ఉన్నంతసేపు హాయిగానే ఉంటుంది, రెండు దీవుల మధ్యకు వచ్చాకే అసలు సంగతి. సెయింట్ విన్సెంట్ నుంచి బెక్వే దీవికి సుమారు 9 నాటికల్ మైళ్లే (దాదాపు 17 కిలోమీటర్లు), ఆ కాస్త దూరంలోనే తిన్నదంతా బయటికొస్తుంది. "సాగర్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండకు పోయొచ్చినం, నాకేం కాలే" అని మీ నాన్నగారు అంటారు. ఆ మాట నమ్మి వాంతుల మాత్ర మానేయకండి. బీపీ, షుగర్ ఉంటే ఏ మాత్ర వేసుకోవాలో ఇక్కడే డాక్టర్‌ని అడిగి తీసుకెళ్లండి. పెద్దవాళ్లు ఉన్నారు కాబట్టి ఒకే డొక్క (నీళ్లలో తేలే అడుగుభాగం) ఉన్న పడవ వద్దు, క్యాటమరాన్ తీసుకోండి. రెండు డొక్కల మీద నిలబడుతుంది కాబట్టి అంతగా ఒరగదు.

లంగరుకి నా ఓటు బెక్వేలోని అడ్మిరల్టీ బేకే. ఆ తీరం పడమటి వైపు ఉంటుంది, తూర్పు గాలికి దీవే అడ్డం. పోర్ట్ ఎలిజబెత్ ఊరు ఒడ్డునే ఉంది, సెయింట్ మేరీస్ చర్చి కూడా దగ్గరే. తాబేళ్లు, నీలం నీళ్లు చూడాలని టొబాగో కేస్ అనే చిన్న దీవులకు వెళ్లాలనిపిస్తుంది, అందంలో దానికి సాటి లేదు. కానీ అక్కడ ఊరూ లేదు, చర్చీ లేదు. పండగ అయ్యాక వెళ్లండి.

మీలో ఎవరికీ తెరచాప నడపడం రాదు కాబట్టి పడవ నడిపే స్కిప్పర్ ఉంటాడు. అతనిదీ ఆ దేశమే, అతనికీ పండగే. 25న ఇంటికెళ్లి వస్తాడా, మీతోనే తింటాడా అని బుకింగ్ అప్పుడే అడగండి. చాలామందికి ఈ ఆలోచనే రాదు. పడవ కదలకపోతే అతన్ని పంపడమూ సులువు. 25, 26 రెండూ అక్కడ సెలవులే కాబట్టి సరుకులు ముందే కొనేయాలి.

వంట దగ్గర మీ అమ్మగారితో కాస్త గొడవ తప్పదు. పడవలో మరుగుతున్న నూనె పెట్టకూడదు, అందుకే గారెలు, అరిసెలు అక్కడ వద్దు. గరిజెలు ఇంటి నుంచే డబ్బాలో తీసుకెళ్లండి. కుక్కర్లో బగారా అన్నం, కోడికూర బ్రహ్మాండంగా అవుతాయి. వంట తెల్లవారుజామునే ముగించాలి, పదయ్యాక లోపల ఉక్కకి నిలబడలేరు. ఓపిక లేని రోజు ఊళ్లో రోటీ తినండి, లోపల కూర పెట్టి చుట్టిస్తారు. కరీబియన్‌కి కూలీలుగా వెళ్లిన మనవాళ్లతో వచ్చిన తిండి అది. సెయింట్ విన్సెంట్‌కి అలాంటి మొదటి ఓడ ట్రావెంకోర్, 1861లో మద్రాసు నుంచి వచ్చింది. పండగకి అందరూ తాగే ఎర్రటి సోరెల్‌ని మీ అమ్మగారు చూడగానే గుర్తుపడతారు. పుంటికూర చెట్టు ఎర్రకాయల రేకుల్ని అల్లం, లవంగం, చక్కెరతో మరిగించి చల్లారుస్తారు. బ్లాక్ కేక్ మాత్రం అడిగి తినండి. అందులో ఎండు పండ్లను రమ్ములో నానబెడతారు. మా ఎం.బి. (మెన్నొనైట్ బ్రెదరెన్) చర్చి పెద్దలకు ఈ సంగతి నేనింకా చెప్పలేదు!

నీళ్లు ట్యాంకులో ఉన్నన్నే. గిన్నెలు కడగడం, స్నానం అన్నీ అందులోనే. ఫ్లోరైడ్ ఊళ్లలో మంచినీళ్లు బిందెల్లో కొలుచుకుని పెరిగినవాళ్లం, మనకి అదేం కష్టం కాదు.

కాగితం నక్షత్రం ఆ గాలికి పూట కూడా ఆగదు, గుడ్డతో కుట్టించుకుని వెళ్లండి. మెరుపు కాగితాలు, థర్మాకోల్ వద్దు, అవి తేలేది సముద్రంలోనే. కొవ్వొత్తుల బదులు బ్యాటరీ దీపాలు పెట్టుకోండి. రాత్రి లంగరు మీద ఉన్న పడవకి చుట్టూ కనిపించే తెల్లదీపం వెలగాలి, అలంకరణ దాన్ని కప్పకూడదు. చర్చికి చిన్న రబ్బరు పడవలో వెళ్లాలి, తడవకుండా దిగినవాళ్లని నేను చూడలేదు. కాబట్టి పట్టుచీర ఇంట్లోనే ఉంచమనండి.

వీలైతే 16వ తేదీకే సెయింట్ విన్సెంట్ చేరండి. ఆ రోజు నుంచి తొమ్మిది తెల్లవారుజాములు 'నైన్ మార్నింగ్స్' జరుగుతాయి. మన ధనుర్మాసంలా చీకటితోనే లేచి పాటలు, వీధుల్లో ఆటలు, సముద్రస్నానం. నాకు క్రిస్మస్ కంటే అదే ఎక్కువ నచ్చింది.

ఇంటికి ఫోన్ చేసే టైమ్ చూసుకోండి. మిర్యాలగూడలో 24 అర్ధరాత్రి 12 అయితే అక్కడ ఇంకా మధ్యాహ్నం రెండున్నరే. ఇక టికెట్ సంగతి: అమెరికా మీదుగా వెళ్తే విమానం మారడానికైనా వీసా కావాలి. అమ్మానాన్నలకు అది లేకపోతే వేరే దారి వెతకమని అన్నకి ఇప్పుడే చెప్పండి.