సైన్యాన్ని వెనక్కి పిలువు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం నిన్న నారాయణగూడ ఇరానీ హోటల్లో కూర్చుని, చాయ్ చల్లారిపోయేదాకా చదివాను. వయసు మీదపడిన శిలీంధ్రాలు ఆక్సీకరణ ఒత్తిడిని, అంటే ఆక్సిజన్ హానికర రూపాలు పోగుపడి కణాన్ని పాడుచేయడాన్ని, ఎలా తట్టుకుంటాయన్నది మంచి విషయం. కానీ మొదటి పేరాలోనే ఆక్సిజన్‌ను శత్రువును చేశావు, ఎంజైములను సైన్యం చేశావు. మూడో పేరాకు కోటగోడలు లేచాయి. గోల్కొండ పక్కన పెరిగినవాడివి కాబట్టి కోటను క్షమిస్తాను. సైన్యాన్ని క్షమించలేను.

సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైము ఎవరినీ చంపదు. సూపర్ ఆక్సైడు అనే హానికర ఆక్సిజన్ రూపాన్ని హైడ్రోజన్ పెరాక్సైడుగా మార్చి చేతులు దులుపుకుంటుంది. దాన్ని నీరుగా, ఆక్సిజన్‌గా విడగొట్టే పని కాటలేజ్ అనే మరో ఎంజైము నెత్తిన పడుతుంది. పైగా ఈస్టు అనే ఒంటికణం శిలీంధ్రంలో కబురు మోసేది కూడా ఆ పెరాక్సైడే. దాని సెగ తగలగానే యాప్1 అనే ప్రోటీను కేంద్రకంలో పోగుపడి రక్షణ జన్యువులను నిద్రలేపుతుంది. శత్రువే వచ్చి దండోరా వేసే యుద్ధం నేనెక్కడా వినలేదు.

తల్లి ఈస్టు గురించి ఒక్క వాక్యం రాసి వదిలేశావు. వ్యాసమంతా అక్కడే ఉంది. తల్లి కణం ఒక్కో మొగ్గనూ ఒక పిల్ల కణంగా విడదీస్తూ, సుమారు పాతిక మొగ్గలు వేశాక ఆగిపోతుంది. కణానికి ఇలా హద్దు ఉందని 1959లోనే లెక్కగట్టారు. ఆక్సీకరణతో పాడైన ప్రోటీన్లను అది చాలావరకు తన దగ్గరే అట్టిపెట్టుకుని పిల్ల కణాన్ని తేలికగా పంపుతుందని 2003లో తేలింది. దీన్ని మాతృత్యాగం అని మాత్రం రాయకు. చదివేవాడికి తన ఇంట్లో మనిషి గుర్తొస్తే అది అతని సొంత వ్యవహారం.

ఇక పేడ మీద పెరిగే పోడోస్పోరా అన్సెరినా అనే శిలీంధ్రం. అది ముసలిదై చచ్చిపోతుందని 1953లో ఫ్రెంచి శాస్త్రవేత్త జార్జ్ రిజె గమనించాడు. దాని శ్వాస గొలుసులో, అంటే ఆక్సిజన్‌తో శక్తి తీసే ఎంజైముల వరుసలో, చివరిదాన్ని పనిచేయకుండా చేస్తే ప్రత్యామ్నాయ ఆక్సిడేజ్ అనే మరో ఎంజైము దారిన ఊపిరి సాగిస్తుంది. హానికర ఆక్సిజన్ రూపాలు తగ్గి చాలాకాలం బతుకుతుంది. ఇంతవరకు రాశావు. కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలో డిస్మ్యుటేజ్‌ను పెంచితే ఆయుష్షు పెరగకపోగా తగ్గిందన్న 2010 నాటి ఫలితాన్ని ఎందుకు వదిలేశావు? నీ సైన్యానికి పరువు తక్కువనే కదా? నేనూ ఒకప్పుడు ఇలాగే ఒక ఫలితాన్ని మింగేశాను. ఎవరో పాఠకుడు పోస్టుకార్డు మీద రెండు ముక్కలు రాసి పట్టుకున్నాడు. ఆ కార్డు ఇప్పటికీ నా బల్ల సొరుగులోనే ఉంది. నువ్వు ఆ ఫలితంతోనే మొదలుపెట్టు.

అన్నట్టు, మీ వీధి చివర కల్లు కాంపౌండు ఉందన్నావు. తిరగరాసే ముందు ఒకసారి వెళ్ళి కుండలో నురగ పొంగడం చూసి రా. అందులో ఎక్కువగా పనిచేసేది నువ్వు రాసిన ఈస్టే. మీ అమ్మగారు అడిగితే నా పేరు చెప్పకు.