కారు ఫ్యాక్టరీ పెయింటు మీది నారింజ తొక్క లాంటి ఎగుడుదిగుడును వాటర్ పేపర్‌తో రుద్ది తీయవచ్చా?

కొత్త కారు తలుపుల మీద ట్యూబ్ లైటు ప్రతిబింబం అంచులు వంకర్లు తిరిగి, ఉపరితలమంతా నారింజ తొక్కలా కనిపిస్తోందనీ, వాటర్ పేపర్‌తో రుద్ది పాలిష్ పడితే అద్దంలా అవుతుందా అనీ మీరు అడిగారు. అవుతుంది. నా నల్ల కారుకు ఈ పని నేనే చేసుకున్నాను, ఒకచోట పాడు కూడా చేసుకున్నాను. అందుకే ఆ ఎగుడుదిగుడును తగ్గించడం వరకే పెట్టుకోండి, ఆనవాలు లేకుండా తీసేయాలని చూడవద్దని ముందుగానే చెబుతున్నాను.

రంగు పొర మీద ఉండే పారదర్శకమైన పై పొర, అంటే క్లియర్ కోట్ మందం ఫ్యాక్టరీ పెయింటులో సాధారణంగా 35 నుంచి 50 మైక్రాన్లు మాత్రమే. మామూలు తెల్ల కాగితం మందం సుమారు 100 మైక్రాన్లు కాబట్టి, మీరు రుద్దబోయేది అందులో సగానికి మించని పొర అన్నమాట. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే రసాయనాలు ప్రధానంగా ఆ పొరలోనే ఉంటాయి. దాన్ని మరీ పల్చబరిస్తే ఆ రోజుకు ఎంత మెరిసినా, కొన్నేళ్ల ఎండకు అది తెల్లగా పాలిపోయి పెచ్చులుగా లేచిపోతుంది. పెయింటు మందం కొలిచే మామూలు మీటరు ప్రైమరుతో సహా అన్ని పొరలనూ కలిపి ఒకే అంకె చూపిస్తుంది తప్ప క్లియర్ కోట్ ఎంతో విడిగా చెప్పదు. నా బానెట్ మీద అది 118 మైక్రాన్లు చూపింది. అయినా మీటరు తప్పనిసరి, ఎందుకంటే పనికి ముందూ తరువాతా అదే చోట కొలిస్తే మీరు ఎంత తీశారో తెలుస్తుంది.

కారును శుభ్రంగా కడిగి, క్లే బార్ అనే మెత్తని బంకమట్టి లాంటి ముద్దతో అంటుకున్న మురికినంతా తీసిన తరువాతే కాగితం పట్టుకోండి, ఎందుకంటే కాగితం కింద చిక్కిన ఒక్క ఇసుక రేణువు లోతైన గీత పెడుతుంది. నేను 2000 నంబరు కాగితాన్ని షాంపూ చుక్కలు వేసిన నీళ్లలో పదిహేను నిమిషాలు నానబెట్టి, మెత్తని రబ్బరు దిమ్మకు చుట్టి, బరువు వేయకుండా ఒకే దిశలో రుద్దాను. వట్టి వేళ్లతో రుద్దితే వేళ్ల కింద గాడులు పడతాయి. ఆ తరువాత ఇంకా నునుపైన 3000 నంబరు కాగితాన్ని అడ్డదిశలో నడిపితే, పాత గీతలు పూర్తిగా పోయాయో లేదో కంటికి తెలుస్తుంది.

ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఆగి చూడడం. నాలుగైదు సార్లు రుద్దగానే నీటిని రబ్బరు పట్టీతో లాగేసి, పక్క నుంచి లైటు పెట్టి చూడండి. కాగితం తగిలిన మిట్టలు మసకగా, తగలని పల్లాలు చిన్న చిన్న మెరిసే చుక్కలుగా కనిపిస్తాయి. ఆ చుక్కలు చాలావరకు పోయి, అక్కడక్కడా కొన్ని మిగిలి ఉండగానే నేను ఆపేశాను. మిగిలిన ఆ కొద్దిపాటి అల పాలిష్ అయ్యాక నాలుగడుగుల దూరం నుంచి కనిపించదు. రుద్దేటప్పుడు కారే నీరు పాలలా తెల్లగా ఉండాలి. అందులో కారు రంగు కనిపిస్తే క్లియర్ కోట్ దాటిపోయినట్టే, అక్కడికక్కడే ఆపేయాలి.

నేను పాడు చేసింది కాగితంతో కాదు, పాలిషింగ్ మెషీనుతో. బానెట్ మీద పొడవునా సాగే మడత గీత ఉంది కదా, అలాంటి మడతల మీదా అంచుల మీదా పొర సులువుగా అరిగిపోతుంది. వాటికి మాస్కింగ్ టేపు వేసి రుద్దిన నేను, కాగితం గీతలను తీసే గరుకు పాలిష్, అంటే కాంపౌండ్ పట్టేటప్పుడు టేపు తీసేసి, ఒకే చోట గుండ్రంగా తిరిగే రోటరీ మెషీనును మడత మీదే ఒక్క క్షణం నిలబెట్టాను. గోరంత మేర మచ్చ పడింది. తడిపితే చుట్టుపక్కల నలుపులో కలిసిపోయేది, ఆరగానే చుట్టూ గీసినట్టు అంచుతో మసకబారి తేలేది. ఎంత పాలిష్ పట్టినా అది పోలేదు, ఎందుకంటే మెరవడానికి అక్కడ పొరే లేదు. చివరికి బానెట్ మొత్తానికి మళ్లీ పెయింటు వేయించాల్సి వచ్చింది.

కాబట్టి మీరు తిరుగుతూనే అటూ ఇటూ ఊగే డ్యూయల్ యాక్షన్ మెషీను వాడండి. ముందు మైక్రోఫైబర్ ప్యాడుతో కాంపౌండ్, తరువాత మెత్తని ఫోమ్ ప్యాడుతో పాలిష్ పట్టి, చివర ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీటితో తుడిచి చూడండి. కాంపౌండులోని నూనెలు గీతలను తాత్కాలికంగా కప్పేస్తాయి, అవి పోతేనే అసలు స్థితి బయటపడుతుంది. ప్లాస్టిక్ బంపర్లు వేడిని త్వరగా వదలవు కాబట్టి అక్కడ మెషీను ఎక్కువసేపు నిలపకండి.

మీ తలుపుల విషయానికొస్తే, నిలువు భాగాల మీద పెయింటు కిందికి జారకుండా చూడాలి కనుక, అది పూర్తిగా పరచుకొని చదునయ్యే అవకాశం తక్కువ. అందుకే పైకప్పు కంటే తలుపుల మీద ఆ ఎగుడుదిగుడు ఎక్కువగా ఉంటుంది. అంచులకూ మడతలకూ దూరంగా, తలుపు మధ్యలో ఒక చదరపు అడుగు మేర మాత్రమే ముందు మొత్తం పని పూర్తి చేయండి. పక్కనున్న ముట్టని భాగంతో ట్యూబ్ లైటు ప్రతిబింబాన్ని పోల్చి, మీటరు అంకెనూ చూసుకొని, తేడా మీకు చాలనిపిస్తే మిగతా తలుపును అంతవరకే తీసుకురండి.