గెలాక్సీ అడ్డమొస్తే వెనకది ఎలా కనపడుద్ది?

ప్రశ్న: సార్, క్వేజార్లు, అదే దూరపు గెలాక్సీల నడిమధ్య విపరీతంగా వెలిగే కేంద్రాలు, వందల కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంటాయంటారు కదా, మధ్యలో ఇంకో గెలాక్సీ అడ్డమొస్తే వెనకది ఎలా కనపడుద్ది? గోడ అడ్డమున్నట్టే, కనపడదని మా బావ ఒకటే వాదన. మామూలు టెలిస్కోప్‌లో క్వేజార్ చూడొచ్చా?
– ఓ పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: గోడ కాదండీ, గెలాక్సీలో చాలావరకు ఖాళీయే, నక్షత్రానికీ నక్షత్రానికీ మధ్య బోలెడు దూరం కాబట్టి కాంతి సందులోంచి వచ్చేస్తది. అసలు పేచీ దుమ్ముతోనే. సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీద నిలబడితే సూర్యుడు ఎర్రగా కనపడతాడు చూడండి, గాలిలో నీలం చెదిరిపోయి ఎరుపు మిగులుద్ది, అక్కడ ఆ పని దుమ్ము చేస్తది, క్వేజార్ ఎర్రబడుద్ది. దుమ్ము మరీ దట్టంగా ఉంటే మామూలు కాంతిలో మాయమే, అప్పుడు ఇన్‌ఫ్రారెడ్‌లోనో రేడియోలోనో వెతకాలి, రేడియో తరంగాలకి ఈ దుమ్ము ఓ లెక్క కాదు.

నన్నడిగితే అడ్డమొచ్చిందే మంచిదంటాను. కోడిగుడ్డుని బల్బుకి అడ్డం పెట్టి లోపల ఏముందో చూస్తారే, అలాగే. క్వేజార్ కాంతి ఆ గెలాక్సీలోని వాయువుల్లోంచి వస్తుంటే మెగ్నీషియం, ఇనుము లాంటివి వాటికి సరిపడా రంగుల్ని మింగేస్తాయి, స్పెక్ట్రమ్‌లో, అంటే కాంతిని రంగులుగా విడదీస్తే వచ్చే పట్టీలో, నల్లగీతలు పడతాయి. గెలాక్సీ మన కంటికి ఆనకపోయినా అందులో ఏముందో, ఎంత దూరంలో ఉందో ఆ గీతలే చెప్పేస్తాయి.

ఇంకో తమాషా. 1985లో ఖగోళ శాస్త్రవేత్త జాన్ హుక్రా వాళ్లు సుమారు 40 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న గెలాక్సీ నడిమధ్యలో క్వేజార్ గుర్తులు చూశారు, తీరా అదేమో 800 కోట్ల దూరంలోది! ముందున్న గెలాక్సీ బరువుకి కాంతి వంగి ఒకే క్వేజార్ నాలుగు చుక్కలుగా కనపడుద్ది, దాన్నే ఐన్‌స్టీన్ క్రాస్ అంటారు. కరెంటు పోయినప్పుడు మందపాటి గాజు గ్లాసు అడుగులోంచి కొవ్వొత్తిని చూడండి, మంట సాగి రెండు మూడు ముక్కలవుద్ది, కాస్త అలాంటిదే.

టెలిస్కోప్ సంగతంటారా, ఐన్‌స్టీన్ క్రాస్ మన చిన్నవాటికి అందదు. 3సీ 273 అని కన్యారాశిలో ఒకటుంది, ఏ గెలాక్సీ చాటూ లేదు, 240 కోట్ల కాంతి సంవత్సరాలు. ఎనిమిదంగుళాల టెలిస్కోప్, చేతిలో స్టార్ మ్యాప్ ఉంటే ఏప్రిల్‌లో వెన్నెల లేని రాత్రి సూర్యలంక వైపు చీకటి చూసుకుని ప్రయత్నించండి. ఉత్త చుక్కే కనపడుద్ది, మీ బావకి ముందే చెప్పి తీసుకెళ్లండి, లేకపోతే దీనికోసమా ఇంతదూరం అంటాడు.