యాభై టీషర్టులు చాలు

చిన్నోడా,

నీ మెసేజ్ చూశాను. గచ్చిబౌలి వైపు షో ఖాయమైందని, బ్యాండ్ పేరుతో టీషర్టులు అమ్ముదామనుకుంటున్నారని, రెండొందలు వేయించాలా మూడొందలా అని అడిగావు. యాభై వేయించు. ప్రింటింగ్ షాపు నడిపి, కచేరీల్లో టేబుల్ వెనక కూర్చుని అమ్మిన మీ అత్తయ్య మాట ఇది. తక్కువ వేయించి మునిగినవాళ్లని నేను చూడలేదు. ఎక్కువ వేయించినవాళ్ల ఇళ్లలో మంచాల కింద అట్టపెట్టెలు మాత్రం చాలా చూశాను.

లెక్క వేసుకో. 180 జీఎస్ఎం (బట్ట బరువు లెక్క) కాటన్, ఒక్క రంగు స్క్రీన్ ప్రింట్ (జాలీ తెర లోంచి ఇంకు దించి వేసేది, ఆ తెరే స్క్రీన్), అన్నీ కలిపి ఒక్కోటి 230 పడిందనుకో. 500కి అమ్ముతావు. యాభైకి పెట్టుబడి 11,500. 23 అమ్ముడైతే అసలు చేతికొచ్చినట్టే. మూడొందలు వేయిస్తే ఒక్కోటి 195కే ఇస్తానని షాపాయన ఊరిస్తాడు. అప్పుడు 58,500 ఇరుక్కుంటుంది, 117 అమ్మితే గానీ అసలు రాదు. మీ షోకి వచ్చేదే మూడు నాలుగొందల మంది, అందులో సగం మీ కాలేజీ స్నేహితులు. వాళ్లంతా ఫ్రీగా ఇమ్మనేవాళ్లే.

కమీషన్ సంగతి ముందే అడుగు. కొన్నిచోట్ల హాలువాళ్లో ఈవెంట్ వాళ్లో స్టాల్ అమ్మకాల్లో వాటా అడుగుతారు. 15 శాతం అన్నారనుకో, 500లో 75 పోయి 425 మిగులుతుంది. 23 అమ్మితే సరిపోయేది కాస్తా 28 అవుతుంది. స్టాల్‌కి అద్దె కట్టాలా, అమ్మకంలో వాటా ఇవ్వాలా, టేబుల్, కరెంటు ఎవరిస్తారు, అన్నీ వాట్సాప్‌లోనైనా సరే రాతపూర్వకంగా తీసుకో. నోటిమాట షో అయ్యాక ఎవరికీ గుర్తుండదు. ఈ వాటాల గొడవ మనకే కాదులే, అమెరికాలోనూ ఏళ్ల తరబడి నడిచింది. 2023లో లైవ్ నేషన్ అనే పెద్ద కచేరీల కంపెనీ తన చిన్న క్లబ్బుల్లో ఈ కోత తీసేస్తున్నట్టు ప్రకటించింది.

ఇక సైజులు. అసలు సరుకు మిగిలిపోయేది ఇక్కడే. అన్ని సైజులూ సమానంగా తలా పది అనుకుంటావేమో, అలా వద్దు. యాభైకి S 6, M 14, L 16, XL 10, XXL 4 వేయించు. ఇప్పుడు పిల్లలు వదులుగా వేసుకుంటున్నారు, M సరిపోయేవాడు కూడా L అడుగుతాడు. XXL మాత్రం నాలుగైనా ఉంచు. తన సైజు లేదని వెనక్కెళ్లిన మనిషి మళ్లీ టేబుల్ దగ్గరికి రాడు. కంపెనీ కంపెనీకి కొలత మారుతుంది కాబట్టి, వచ్చిన సరుకులో ప్రతి సైజుదీ ఒకటి తీసి టేపుతో ఛాతీ, పొడవు కొలిచి అట్ట మీద రాసి పెట్టు. లేకపోతే జనం టీషర్టులన్నీ విప్పి ఒంటికి ఆనించి చూసుకుంటారు, మడతలు పెట్టుకుంటూ కూర్చోవాలి.

రంగు నలుపే పెట్టు. నీకు తెల్లది ఇష్టమని తెలుసు, కానీ కచేరీకొచ్చే కుర్రాళ్లు నలుపే కొంటారు. నలుపు మీద లేత రంగులు వేస్తే అడుగున తెల్ల ఇంకు ఒక పొర పడాలి, దానికి ఇంకో స్క్రీన్, ఇంకో ఖర్చు. అందుకే మొదటిసారికి ఉత్త తెల్ల ఇంకు చాలు. యాభైకి డీటీఎఫ్ చేస్తామంటారు కొందరు. ఫిల్మ్ మీద ప్రింటు తీసి వేడికి అతికిస్తారు. పదీ ఇరవైకైతే అదే నయం, కానీ పెద్ద డిజైన్ అయితే ఛాతీ మీద ప్లాస్టిక్ ముక్క పెట్టినట్టు ఉంటుంది, మన ఎండల్లో చెమటకి ఊపిరాడదు. స్క్రీన్ ప్రింటైతే ఇంకు సరిగా కాలిందో లేదో చూడాలి. ఈ ప్రింటుకి ఎక్కువగా వాడే ప్లాస్టిసాల్ ఇంకుకి దాదాపు 160 డిగ్రీల వేడి తగలాలి. హడావుడిలో మెషీన్ తొందరగా దాటించేస్తే పైకి బాగానే కనిపిస్తుంది, రెండు ఉతుకులకి బీటలు వారుతుంది. మొదటి ముక్క తెచ్చి ఇంట్లో ఉతుకు, ఆరాక రెండు చేతులా గుంజి చూడు. అది నిలబడ్డాకే మిగతావి వెయ్యమను. దీనికోసమే షోకి మూడు వారాల ముందు ఆర్డరివ్వాలి.

తెలుగు అక్షరాల డిజైన్ అన్నావు, సంతోషం. కానీ ఇక్కడ ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. చాలా ప్రింటింగ్ షాపుల్లో ఇంకా పాతకాలం అను ఫాంట్లే ఉంటాయి, నువ్వు పంపేది ఫోన్లలో వాడే యూనికోడ్, ఆ రెండిటికీ పొసగదు. ఫైలు వాళ్ల కంప్యూటర్లో తెరవగానే వత్తులు విడిపోతాయి, గుణింతాలు పక్కకి జరుగుతాయి. షాపు కుర్రాడికి అది తప్పని కూడా తెలియకపోవచ్చు. అక్షరాల్ని కర్వ్స్‌గా, అంటే ఫాంటుతో పనిలేని గీతల బొమ్మగా మార్చి పీడీఎఫ్ పంపు, స్క్రీన్ చేసేముందు ప్రూఫ్ ఫోటో తెప్పించుకో. దాన్ని తెలుగు బాగా వచ్చినవాళ్లతో చదివించు, మీ తాతయ్యకి చూపించినా సరే. ‘క్ష’కి ఒత్తు పోయిన టీషర్టులు యాభై వేసుకుని తిరిగితే ఎవరికి పరువు?

మీరు సినిమా పాటల మ్యాషప్‌లు పాడతారు కదా. స్టేజీ మీద పాడటం వేరు, ఆ పాట పల్లవిని టీషర్టు మీద అచ్చేసి అమ్మడం వేరు. సాహిత్యానికి హక్కుదారులుంటారు. హీరో బొమ్మ అసలే వద్దు. మీ సొంత పాటలోంచే ఒక మాట తీసుకోండి. అలాంటి మాట ఇంకా లేదంటే బ్యాండ్ పేరు చాలు.

స్టాల్ ఎక్కడ పెట్టాలన్నది మీ చేతుల్లో ఉంటే, జనం బయటికి పోయే దారిలో పెట్టండి. స్టేజీ పక్కన వద్దు, స్పీకర్ల హోరులో సైజు అడిగినా వినపడదు. హాల్లో చీకటి, నీ సరుకు నలుపు. క్లిప్పు లైట్లు రెండు, ఎక్స్‌టెన్షన్ వైరు తీసుకెళ్లు. టేబుల్ మీద పరిచినవి ముందు నిలబడ్డ నలుగురికే కనిపిస్తాయి, ఒక్కోటి హ్యాంగర్‌కి తగిలించి తలల కంటే ఎత్తులో వేలాడదియ్యి. ధర పెద్ద అక్షరాల్లో రాయి. ధర అడగడానికి మొహమాటపడి వెళ్లిపోయేవాళ్లు మనలో చాలామంది.

షో మొదలవ్వకముందు బోణీ అయితే అదృష్టం. అప్పుడు కొన్నవాడు రెండు గంటలు చేతిలో పట్టుకుని గెంతాలి కదా. నిజమైన అమ్మకం ఆఖరి పాట అయ్యాక వచ్చే ఇరవై నిమిషాల్లోనే. ఆఖరి పాటకి ముందు పాట అయ్యాక మైకులో ఒక్కసారి చెప్పండి: గేటు దగ్గర స్టాల్ ఉంది, మేమూ అక్కడికే వస్తున్నాం అని. ఆఖర్న చెబితే అప్పటికే సగం మంది క్యాబ్ బుక్ చేసుకుంటూ ఉంటారు. చెప్పినట్టే రండి. నువ్వు గిటార్ వైర్లు చుట్టుకుంటూ అరగంట కూర్చుంటే ఆ ఇరవై నిమిషాలూ పోతాయి. వైర్లు ఎవరైనా చుడతారు, సంతకం నువ్వే పెట్టాలి. మంచి మార్కరు పెన్నులు రెండు జేబులో ఉంచుకో.

టేబుల్ దగ్గర బ్యాండ్‌వాళ్లు కాని ఇద్దరు ఉండాలి. ఒకరు సరుకు, ఒకరు డబ్బు. క్యూఆర్ బోర్డులు రెండు, ఖాతా బ్యాండ్‌ది, డ్రమ్మర్ సొంతది కాదు. జనం ఎక్కువైన చోట నెట్‌వర్క్ చచ్చిపోతుంది, వేరే కంపెనీ సిమ్ ఉన్న ఫోను ఇంకోటి దగ్గరుంచుకోండి. డబ్బు పంపినట్టు స్క్రీన్‌షాట్ చూపిస్తే తల ఊపకండి, సౌండ్ బాక్స్ పలికాకే సరుకు చేతికివ్వండి. ధర 499 పెట్టొద్దు, 500 పెట్టు, చిల్లర బాధ ఉండదు. వందల నోట్లు మాత్రం ఓ కట్ట ఉంచుకో.

వరంగల్ ఎన్‌ఐటీ స్ప్రింగ్ స్ప్రీ లాంటి కాలేజీ ఫెస్టులకి పిలిస్తే అక్కడ టీషర్టులు పెద్దగా పోవు. హాస్టల్ పిల్లల దగ్గర నెలాఖరుకి 500 ఎక్కడుంటుంది? స్టిక్కర్లు, బటన్ బ్యాడ్జీలు తీసుకెళ్లు, 30కీ 50కీ పోతాయి, బ్యాగులో బరువుండవు. పోస్టర్లు వద్దు, నలిగిపోతాయి. సీడీ ఊసెత్తకు.

జీఎస్టీ గురించి మీ నాన్న భయపడుతున్నాడట. తెలంగాణలో ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్. షోలకి వచ్చే డబ్బు కూడా ఆ లెక్కలోకే వస్తుంది, అయినా మీరింకా చాలా దూరంలో ఉన్నారు. కానీ బెంగళూరులో స్టాల్ పెడితే కథ వేరు. వేరే రాష్ట్రంలో అమ్మడానికి క్యాజువల్ టాక్సబుల్ పర్సన్‌గా, అంటే అప్పుడప్పుడూ వచ్చి అమ్మేవాడిగా, కనీసం 5 రోజుల ముందు దరఖాస్తు చేసి, అంచనా పన్ను ముందే కట్టాలి. అది ఒకసారికి ఎక్కువలో ఎక్కువ 90 రోజులు చెల్లుతుంది. మొదటి ఏడాది హైదరాబాద్, వరంగల్ చాలు. అక్కడి తెలుగు సంఘాలు తానా, ఆటా సభలకి అమెరికా పిలుపొస్తే సరుకు మోసుకెళ్లొద్దు, ఫైలు పంపి అక్కడే వేయించండి. అక్కడి M మన L అంత ఉంటుంది, అది చూసుకుని లెక్క వేసుకోండి.

ఒక నోట్‌బుక్ పెట్టు. సైజు వారీగా షోకి తెచ్చినవి, అమ్మినవి, ఫ్రీగా ఇచ్చినవి, మిగిలినవి. ఫ్రీగా ఇచ్చినవి రాయకపోతే ఆ రాత్రే బ్యాండ్‌లో మాటలు పెరుగుతాయి. రెండు షోల తరవాత ఆ పుస్తకం ముందేసుకుని నాకు ఫోన్ చెయ్యి, రెండో బ్యాచ్ ఏ సైజులో ఎన్నో అప్పుడు చెబుతాను. మడత టేబుల్, క్లిప్పు లైట్లు మా ఇంట్లోనే ఉన్నాయి, ఆదివారం బండి వేసుకొచ్చి పట్టుకెళ్లు. వచ్చేటప్పుడు డిజైన్ కాగితం మీద ప్రింటు తీసుకురా. ఫోన్లో నాకు కనపడి చావదు.

మీ అత్తయ్య