బెజవాడవాళ్లు కృష్ణ ఒడ్డును ఎందుకు వదల్లేరు?

"ఎండలు మండిపోతాయి, ట్రాఫిక్ నరకం, అయినా బెజవాడవాళ్లు ఊరు వదలరేం?" అని ఒకరు అడిగారు. పుణ్యనది కదా అంటారు చాలామంది. నాకైతే అది సగమే అనిపిస్తుంది, మిగతా సగం అలవాటు.

కార్తీకంలో తెల్లవారుజామున దుర్గా ఘాట్‌కి వెళ్లి చూడండి. తడిచీర కొంగు పిండుకుంటూ ఒకావిడ అరటిదొప్పలో దీపం వదులుతుంది. పక్క మెట్టు మీద ఒకాయన మూడు మునకలు వేసి, తల తుడుచుకుంటూనే ఫోన్‌లో సరుకు బేరమాడుతుంటాడు. ఎవరికీ వింతగా ఉండదు.

1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ 70 గేట్లతో నీటిని ఆపుతుంది. అందుకే ఎగువన ఏరు చాలా రోజులు నిండుగా కనిపిస్తుంది (దిగువకి చూస్తే ఇసుకే, అది వేరే సంగతి). ఏలూరు, బందరు, రైవస్ కాలువలు ఊరి మధ్యలోంచే డెల్టా పొలాలకు వెళతాయి. ఏటికి దూరంగా ఉన్నవాళ్లకీ ఏదో ఒక కాలువ వంతెన ఎక్కందే పని జరగదు.

పుణ్యం మాటకొస్తే, కృష్ణా పుష్కరాలు పన్నెండేళ్లకోసారే. 2016లో వచ్చాయి, మళ్లీ 2028లో. ఏటితో అలవాటు మాత్రం రోజూ ఉండేదే.

భయం లేదా అంటే ఉంది. 2024 సెప్టెంబరులో బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అయినా గేట్లు ఎత్తారని తెలిస్తే చాలు, పిల్లల్ని బండెక్కించుకుని చూడ్డానికి బయల్దేరేది మనవాళ్లే.